గుంట ఎంత లోతు తవ్వాలి? ఊరి చెత్త పూడ్చే చోటును సిద్ధం చేసుకునే పద్ధతి

వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు, అప్పుడప్పుడూ ఊరి మీద బెంగ పెట్టుకున్న రిటైరైన మాస్టార్లు. "చెత్తకు గుంట తవ్విస్తున్నాం, ప్రొక్లెయినర్ కూడా మాట్లాడేశాం. ఎంత లోతు తవ్వమంటారు?" అని అడుగుతారు. లోతు సంగతి చివరికి చెబుతాను. ముందు ప్రొక్లెయినర్‌ను వెనక్కి పంపండి.

ఎందుకంటే నెల్లూరు డెల్టాలో ఒక ఊరివాళ్లు మే నెలలో రెండు నిలువుల లోతు తవ్వారు. అడుగున చెమ్మ కూడా లేదని సంబరపడ్డారు. నవంబరులో వెళ్లి చూస్తే గుంట నిండా నల్లటి నీళ్లు, వాటి మీద కొబ్బరి బోండాలు, పాల కవర్లు తేలుతున్నాయి. పక్క చేలో బోరు నీళ్లు వాసన వస్తున్నాయని రైతు గొడవ. అంత గుంటలోనూ నిజంగా పూడ్చాల్సిన చెత్త పెద్దగా లేదు. అక్కడ నిండింది వాన నీరు, భూమిలోంచి ఊరిన నీరు. చెత్తను దాచడం కష్టమేమీ కాదు. నీటిని దాని దగ్గరకు రానివ్వకపోవడమే అసలు పని. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ పని కోసమే.

దగ్గర ఉంచుకోవలసినవి

వంద కిలోలు తూగే కాటా, పెద్ద టార్పాలిన్, రబ్బరు తొడుగులు, ఒక రిజిస్టరు. స్థలం ఎఫ్‌ఎంబీ పటం (సర్వేవాళ్ల దగ్గరుండే కొలతల పటం), చుట్టుపక్కల బావులు, బోర్ల జాబితా. మేస్త్రీలు వాడే నీటి గొట్టం లెవెల్. గునపం. కట్టే దశకు వచ్చాక బంకమట్టి, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చే దళసరి సింథటిక్ గుడ్డ), 20 మిల్లీమీటర్ల కంకర, రంధ్రాలున్న హెచ్‌డీపీఈ పైపు. కంకర అన్నచోట కంకర అనే రాయండి. ఇండెంటులో "గ్రావెల్" అని రాస్తే మన వైపు ఎర్రమట్టి లారీ వచ్చి దిగుతుంది. అది నీటిని వదలదు, పైపులను పూడ్చేస్తుంది.

1. ఏడు రోజులు తూకం వేయండి

"రోజుకు నాలుగు ట్రాక్టర్లు" అనేది లెక్క కాదు. ట్రాక్టరు నిండా అరటాకులు ఉంటే ఒక బరువు, కాలువ పూడిక ఉంటే మరో బరువు. వరుసగా ఏడు రోజులు తూచండి. ఆ ఏడింటిలో ఆదివారం ఉండాలి, ఎందుకంటే ఆ రోజు కోళ్ల, చేపల వ్యర్థాలు ఎక్కువ. సంత రోజు కూడా ఉండాలి.

రోజూ ఒక బండి చెత్తను టార్పాలిన్ మీద పోసి బాగా కలపండి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలిన దాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. వంద కిలోల దగ్గర ఆపి చేత్తో వేరు చేయండి: కుళ్లేది, అమ్ముడుపోయేది, మట్టీ బూడిదా, ఎందుకూ పనికిరానిది. నాలుగింటినీ విడివిడిగా తూచి రాయండి.

ఉదాహరణకు పది వేల జనాభా ఉన్న ఊళ్లో రోజుకు 2,500 కిలోలు వచ్చిందనుకుందాం. కుళ్లేది 1,250, అమ్ముడుపోయేది 400, మట్టి, పూడిక 500, మిగిలిన పనికిరానిది 350 కిలోలు. అంతా తీసుకెళ్లి గుంటలో పోస్తే ఏడాదికి సుమారు 912 టన్నులు. ట్రాక్టరుతో తొక్కిస్తే ఘనపు మీటరుకు 600 కిలోలు పడుతుందనుకుని, పైన కప్పే మట్టి కూడా కలిపితే ఏడాదికి 1,800 ఘనపు మీటర్ల చోటు కావాలి. పనికిరాని ఆ 350 కిలోలే పోస్తే 250 చాలు. రెండున్నర మీటర్ల ఎత్తున పదేళ్ల చెత్తకు మొదటి లెక్కలో దాదాపు రెండెకరాలు, రెండో లెక్కలో పావు ఎకరం. కట్టలు, కాలువ, దారి, చెత్తలోంచి దిగే మురికి నీటిని (ఊటను) పట్టే తొట్టి కలిపినా రెండోది ముప్పావు ఎకరం దాటదు. గ్రామసభలో ఈ లెక్క చదివి వినిపించండి. ఇళ్ల దగ్గర తడి, పొడి వేరు చేయమని వంద బోర్డులు పెట్టడం కంటే బాగా పనిచేస్తుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కాలువ పూడికను, ఇళ్లు కూల్చిన మట్టిని చెత్తలో కలిపేస్తారు. వాటిని మొదటి రోజు నుంచే వేరే చోట పోయండి. కూల్చిన మట్టి రోజూ కప్పడానికి పనికొస్తుంది. కాలువ పూడికను మాత్రం ఎండబెట్టి, కవర్లూ గాజూ ఏరేశాకే వాడండి.

2. స్థలం చూడటం: మే నెలలో కాదు, డిసెంబరులో

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, ముఖ్యంగా కోస్తా వైపు, పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనాలు, తుఫాన్లు. భూగర్భజలం బాగా పైకి వచ్చేది ఆ తర్వాతే. కాబట్టి స్థలం పక్కనున్న బావిలో డిసెంబరులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కొలవండి. బావి లేకపోతే ఆగర్‌తో (చేత్తో తిప్పే మట్టి బరమాతో) రంధ్రం వేసి ఒక రోజు ఆగి చూడండి. బావి ఒరల మీద పాత నీటి మరక ఉంటుంది, దాన్నీ కొలవండి. ఆ అత్యధిక నీటిమట్టానికీ, మీరు వేయబోయే బంకమట్టి పొర అడుగుకూ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలి.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో ఉన్న దూరాలు ఇవి: నదికి 100 మీటర్లు; చెరువుకు, జాతీయ, రాష్ట్ర రహదారులకు, ఇళ్లకు, పార్కులకు, తాగునీటి బావులకు 200 మీటర్లు; విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. వందేళ్ల వరద రికార్డులో మునిగిన నేల, తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధి, చిత్తడి నేలలు పనికిరావు. ఖరారు చేసే ముందు తాజా నియమాలను కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో సరిచూసుకోండి. పెన్నా ఒడ్డు ఊళ్లవాళ్లు 2021 నవంబరు వరద ఎంతవరకు వచ్చిందో ముసలివాళ్లను అడగనక్కర్లేదు, గోడల మీదే కనిపిస్తుంది.

నా దగ్గరకు తరచూ వచ్చే నాలుగు "మంచి ఆలోచనలు" ఉన్నాయి. నాలుగూ వద్దు.

ఒకటి, ఎండిపోయిన రొయ్యల గుంటలు. తవ్వే ఖర్చు లేదు, కట్టలు కూడా ఉన్నాయంటారు. కానీ అవి నీరు దగ్గరగా ఉండే చోటే తవ్వినవి, చాలావరకు తీర నియంత్రణ మండలం పరిధిలోనో దాని అంచునో ఉంటాయి. రెండు, చీమకుర్తి వైపు వదిలేసిన గ్రానైట్ క్వారీలు. రాయి గట్టిదే, దానిలోని పగుళ్ల సంగతి? ఆ పగుళ్ల వెంట ఊట ఎటు వెళ్తుందో కనిపెట్టలేం. పైగా నిలువు గోడలకు షీటు నిలవదు. మూడు, చెరువు పోరంబోకు. అది పోరంబోకు అయింది చెరువు కోసం. నాలుగు, నల్లరేగడి. "అదే బంకమట్టి కదా, షీటు దేనికి" అంటారు. ఒంగోలు చుట్టుపక్కల ఏప్రిల్‌లో రేగడి చేలో నడిచి చూడండి, పాదం దూరేంత నెర్రెలు. తడిగా ఉన్నంతసేపే అది నీటిని ఆపుతుంది.

మెట్ట ప్రాంతపు ఎర్రనేలల్లో, ఉదయగిరి, కనిగిరి వైపు, నీటిమట్టం లోతుగా ఉండి మీ పని సులువవుతుంది. అయితే బంకమట్టిని బయటి నుంచి తోలాలి.

3. అసలు మీకు గుంట కావాలా?

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఒక్క బండి కూడా పోయకూడదు. చిన్న ఊళ్లు విడివిడిగా కట్టుకోవడం కంటే పది ఊళ్లు, ఒక పట్టణం కలిసి ఒకటి కట్టుకోవాలన్నదే నియమాల ఉద్దేశం కూడా. మీ దగ్గరి మున్సిపాలిటీకి అలాంటిది ఉంటే ఒప్పందం రాసుకోండి. అప్పుడు మీకు కావలసింది పైకప్పు ఉన్న ఒక గది, నెలకు రెండు లారీలు. చాలా పంచాయతీలకు ఇదే సరైన దారి. దీన్ని ఎంచుకుంటే 4, 5 అడుగులు చదివి ఆపేయవచ్చు.

4. కుళ్లే చెత్తను కంపోస్టు చేయండి

గుంటలో దుర్వాసన, నల్లటి ఊట, మీథేన్ వాయువు, నిప్పు... అన్నిటికీ మూలం కుళ్లే చెత్తే. చాలా ఊళ్లలో చెత్త నుండి సంపద కేంద్రం పేరుతో షెడ్డు ఇప్పటికే ఉంది. తాళం తీయించండి.

కుప్ప ఒకటిన్నర మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు, పొడవు మీ ఇష్టం. అడుగున జానెడు వరిగడ్డి. దాని మీద తడి చెత్త, మళ్లీ గడ్డి లేదా వేరుశనగ పొట్టు, ప్రతి పొర మీదా పేడ నీళ్లు. చేపలు, రొయ్యల వ్యర్థాలను కుప్ప నడిమధ్యలో పెట్టి గడ్డితో మూయండి. అంచుల్లో ఉంటే కుక్కలు రాత్రికి రాత్రే లాగేస్తాయి. కొబ్బరి బోండాలు కుప్పలో వేయవద్దు, ఏడాదైనా కరగవు. చీల్చి ఎండబెడితే ఇటుక బట్టీవాళ్లు తీసుకుంటారు. వారానికోసారి తిరగేయండి.

తేమ సరిపోయిందా? గుప్పెడు తీసి పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. ధారగా కారితే గడ్డి కలపండి, ఏమీ రాకపోతే నీళ్లు చల్లండి. వేడి ఎక్కిందా? గునపాన్ని కుప్ప మధ్యకు గుచ్చి పది నిమిషాలు ఉంచి లాగండి. ఆ కొసను పట్టుకోలేకపోతే కుప్ప బాగున్నట్టే, లోపల 55 డిగ్రీలు దాటి ఉంటుంది. మూడో రోజుకు కూడా చల్లగా ఉంటే ఎండిపోయిందో, నీరెక్కువై ఊపిరాడట్లేదో చూసుకోవాలి.

వానపాములను మొదటి రోజే వేస్తారు కొందరు. అవి ఆ వేడికి చచ్చిపోతాయి. మూడు నాలుగు వారాల తర్వాత, కుప్ప చల్లారాకే వేయండి. రెండు నెలలకు నల్లగా, మట్టి వాసనతో తయారవుతుంది. జల్లెడ పట్టకుండా రైతుకు ఇవ్వవద్దు. ఒక్క గాజు ముక్క కాలికి గుచ్చుకుంటే ఆ ఊళ్లో మీ ఎరువు ఇక అమ్ముడుపోదు.

5. పొడి చెత్త

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వాన తగలని చోట పెట్టి, రకాలవారీగా మూటలు కట్టి, పాత సామాన్ల వ్యాపారికి అమ్మండి. బ్యాటరీలు, ట్యూబులైట్లు, సిరంజీలు, గడువు తీరిన మందులు ఏ పరిస్థితిలోనూ గుంటకు వెళ్లకూడదు, విడి డబ్బాలు పెట్టండి. డైపర్లు, ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వమని ఇళ్లలో చెప్పండి.

6. గుంట కట్టడం

జనవరిలో మొదలుపెట్టి సెప్టెంబరు నాటికి ముగించాలి.

మొదట బయటి కాలువ తవ్వండి. పై నుంచి వచ్చే వాన నీరు స్థలంలోకి అడుగుపెట్టకుండా చుట్టూ తిరిగి పోవాలి. చాలామంది దీన్ని చివర్లో, డబ్బులు మిగిలితే చేద్దామనుకుంటారు. డబ్బులు ఎప్పుడూ మిగలవు.

తర్వాత నేల శుభ్రం చేయడం. సర్కారు తుమ్మ మొద్దులను పైపైన నరికి వదిలేస్తే మళ్లీ చిగురు వేసి షీటును పొడుస్తాయి. వేళ్లతో సహా పీకించండి. అడుగు ఒక మూలకు వాలుగా ఉండాలి, ప్రతి పది మీటర్లకు 20 సెంటీమీటర్ల వాలు. నీటి గొట్టం లెవెల్‌తో మీరే కొలవండి, మేస్త్రీ మాట మీద వదిలేయకండి. కట్టల లోపలి వైపు వాలు ఒకటికి మూడు, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం.

బంకమట్టి మొత్తం 90 సెంటీమీటర్లు. ఒకేసారి పోసి పైన రోలరు తిప్పితే పై జానెడే గట్టిపడుతుంది. 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, ఒక్కో పొరనూ రోలింగ్ చేయండి. మట్టి మంచిదో కాదో తెలియాలంటే తడిపి అరచేతుల మధ్య తాడులా నలపండి. అగ్గిపుల్లంత సన్నగా అయ్యేదాకా తెగకపోతే ప్రయోగశాలకు పంపదగ్గదే. ప్రయోగశాల తప్పదు. ఈ పొరలో నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు కంటే వేగంగా దిగకూడదని నియమం. అంటే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. గుంతలో నీళ్లు పోసి చూస్తే తెలిసే సంగతి కాదది. అయినా పోసి చూడండి, పక్కనే బకెట్ నీళ్లు పెట్టండి. తెల్లారేసరికి గుంతలో నీళ్లు బకెట్‌లో కంటే ఎక్కువ తగ్గితే పరీక్ష ఖర్చు కూడా మిగిలింది, మట్టి మార్చండి.

దాని మీద షీటు. తీరంలో రొయ్యల చెరువులకు షీట్లు వేసి అతికే పనివాళ్లు దొరుకుతారు, చేయి తిరిగినవాళ్లు. అయితే అక్కడ వాడేది సాధారణంగా పలుచనిది. మీకు 1.5 మిల్లీమీటర్లే కావాలి, లారీ దిగగానే కొలవండి. ఎండలో షీటు సాగి ముడతలు పడుతుంది కాబట్టి అతుకుల పని తెల్లవారుజామునే. జంట అతుకు వేయించి, రెండు గీతల మధ్య సందులోకి గాలి కొట్టి, గేజి ముల్లు పడిపోతుందేమో ఐదు నిమిషాలు చూడండి. పడితే ఆ అతుకు మళ్లీ వేయాలి. షీటు అంచులను కట్ట పైన గాడి తీసి మట్టితో పూడ్చండి. చుట్టూ కంచె వేయకపోతే మేకల గిట్టలు చాలు, మీ లక్షల పని చిల్లులు పడటానికి.

షీటు మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన 30 సెంటీమీటర్ల కంకర, కంకరలో రంధ్రాల పైపు. గుడ్డ ఎందుకంటే మనకు దొరికే క్రషర్ కంకరకు అంచులు కత్తుల్లా ఉంటాయి. పైపు వాలు మూలనున్న ఊట తొట్టికి చేరాలి. తొట్టికి కూడా షీటు వేయాలి.

7. వానలకు ముందు

వెయ్యి చదరపు మీటర్లు తెరిచి ఉంచితే, ఒక్క రోజు పది సెంటీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. నెల్లూరులో పది సెంటీమీటర్ల వాన వింతేమీ కాదు. అందుకే గుంటను మట్టి గట్లతో నాలుగు గదులు చేసి ఒక్కో గదే వాడండి. వాడని గదిలో పడిన నీరు చెత్తను తాకదు, మోటారు పెట్టి కాలువలోకి తోడేయవచ్చు. వాడుతున్న గదిలో చెత్త మీద సెప్టెంబరు చివరికల్లా 40 నుంచి 65 సెంటీమీటర్ల మట్టి కప్పి, వాలుగా చదును చేసి తొక్కించండి. టార్పాలిన్లు ఇసుక బస్తాలతో కట్టి ఉంచండి.

8. రోజువారీ పని

అడుగున మొదటి మీటరు దాకా మెత్తటి చెత్తే వేయాలి. ఇనుప చువ్వలు, కర్రలు వద్దు. ట్రాక్టరు చక్రం షీటును, కంకరను నేరుగా తొక్కకూడదు. ఆ తర్వాత చెత్తను అర మీటరు మించని పొరలుగా పరిచి తొక్కించి, సాయంత్రం వెళ్లేముందు 10 సెంటీమీటర్ల మట్టి కప్పండి. మట్టి ఖర్చు అనుకుంటే కూల్చిన ఇళ్ల మట్టి చాలు.

నిప్పు పెట్టవద్దు. పొరపాటున అంటుకుంటే పైనుంచి నీళ్లు కొడితే ఊట పెరుగుతుంది తప్ప లోపలి నిప్పు ఆరదు. కాలుతున్న భాగాన్ని జేసీబీతో విడదీసి మట్టి కప్పండి, పొగ వచ్చే వైపు నిలబడకండి.

ఊట తొట్టి నీటిని కాలువలోకి వదలకూడదు. ఎండాకాలంలో షీటు వేసిన గుంట మీదికే తిప్పి చల్లితే చాలా భాగం ఆవిరవుతుంది. మిగిలింది ట్యాంకరులో శుద్ధి కేంద్రానికి పంపాలి. వేరు చేయడం సరిగా జరుగుతుంటే ఆ నీరు పలుచని టీ రంగులో ఉంటుంది. డికాషన్‌లా నల్లబడి కంపు కొడితే ఎవరో తడి చెత్త పోస్తున్నారు. గేటు రిజిస్టరు చూడండి.

9. సరిగా పనిచేస్తోందా?

భూగర్భజలం పారే దిశలో ఎగువన ఒకటి, దిగువన రెండు పరిశీలన బోర్లు వేయండి. మొదటి బండి చెత్త పోయకముందే మూడింటి నీళ్లూ పరీక్ష చేయించి కాగితం భద్రపరచండి. తీరం దగ్గర నీళ్లలో ఉప్పు ముందే ఉంటుంది. పాత కాగితం లేకపోతే రేపు క్లోరైడు ఎక్కువగా వచ్చినప్పుడు తప్పు సముద్రానిదో మీదో తేల్చలేరు. తర్వాత ఏటా వానలకు ముందు, వానల తర్వాత క్లోరైడు, నైట్రేటు, కరిగిన లవణాలు చూడండి. ఎగువ బోరు మారకుండా దిగువ బోర్లలో అంకెలు ఎక్కితే షీటుకు చిల్లు పడిందనే అనుకుని పని ఆపి, ఇంజనీరును పిలవండి.

గుంట మీద, దాని అంచున కాపలా గది కట్టవద్దు. మీథేన్ గాలిలో 5 శాతానికి చేరితే అంటుకుంటుంది, అందులో పావు వంతు దాటకూడదన్నది నియమం. మూసిన గదిలో బీడీ వెలిగించిన మనిషికి ఆ అంకెలు తెలియవు.

10. నిండాక

పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 15 సెంటీమీటర్ల కంకర, ఆపైన 45 సెంటీమీటర్ల సారవంతమైన మట్టి. గడ్డి పెంచండి, చెట్లు వద్దు, వేళ్లు బంకమట్టిని చీలుస్తాయి. బోర్ల నీటి పరీక్ష మరో 15 ఏళ్లు సాగాలి, ఆ ఖర్చును ఇప్పుడే బడ్జెట్‌లో రాయించండి.

ఇక లోతు. ఎర్రనేలల్లో డిసెంబరు నీటిమట్టం 6 మీటర్ల కింద ఉంటే, 2 మీటర్ల ఖాళీ, 90 సెంటీమీటర్ల బంకమట్టి, 30 సెంటీమీటర్ల కంకర పోను చెత్తకు మిగిలేది 2.8 మీటర్లు. అంటే బంకమట్టికీ కంకరకూ చోటు కలుపుకుని మొత్తం 4 మీటర్ల దాకా తవ్వవచ్చు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు డెల్టాలో నీరు రెండు మూడు అడుగుల్లోనే తగిలితే తవ్వడం మాటే లేదు. మట్టి తోలి నేలను పైకి లేపి, ఆ దిబ్బ మీద కట్టలు పోయండి. ఆ కూలి అంతా కలిపితే ఊరికి దూరంగా మెట్ట మీద మరో ఊరితో కలిసి కట్టుకోవడం కంటే ఎక్కువవుతుందేమో, 3వ అడుగు దగ్గరకు వెళ్లి మళ్లీ లెక్క వేసుకోండి.